మీటరులో ఆరని ఎర్ర లైటు

హిందూపురంలో నాకు ఆటో ఎలక్ట్రికల్ షాపు ఉంది. పని తెలిసినవాడినని చుట్టుపక్కల పేరు. ఆ పేరు పోతుందన్న భయంతో ఒకసారి నోరు మూసుకున్నాను. నా తప్పుకు ఒక మంచి మనిషి కొలువు పోయిందని తెలిసి కూడా.

ధర్మవరంలో ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు ఉన్నారు. ఆయనది పాత పెట్రోలు అంబాసిడర్. ఇరవై రెండేళ్లుగా దాన్ని నడిపింది ఒకే డ్రైవరు. నాకంటే పదేళ్లు పెద్దవాడు. వెనక కూర్చున్నవాళ్లకు నిద్ర పట్టేంత మెత్తగా నడిపేవాడు.

పోయిన వానాకాలంలో ఇద్దరూ బండి తీసుకుని నా షాపుకు వచ్చారు. పొద్దు గూకితే మీటరులో ముల్లు కనపడడం లేదని సారు అన్నారు. "కొత్త బండ్లలో తెల్లగా పాలమాదిరి వెలుగుతాది కదప్పా, అట్ల పెట్టు."

డ్యాష్‌బోర్డు విప్పి మీటరు బయటికి లాగాను. లోపలి బల్బుల గాజు పొగచూరినట్టు నల్లబడి ఉంది. అన్నీ పీకేసి ఎల్‌ఈడీలు వేశాను. ముల్లు మీద వెలుతురు పడే బల్బులు మార్చి ఊరుకుంటే సరిపోయేది. చేయి ఊరుకోలేదు. బ్యాటరీకి ఛార్జి అందకపోతే వెలిగే ఎర్ర లైటుకు కూడా ఎల్‌ఈడీయే వేశాను. పట్టపగలే షట్టరు దించి, చీకటి చేసి చూపించాను. సారు చిన్నపిల్లాడిలా నవ్వారు. డ్రైవరు మాత్రం ముందుకు వంగి, "పాత రంగే కంటికి సల్లగా ఉండె" అన్నాడు.

ఇంజన్ స్టార్ట్ చేసి, గట్టిగా రేజ్ చేసి, బ్యాటరీ దగ్గర ఓల్టేజీ చూశాను. పద్నాలుగు. బాగుందని పంపించాను.

మూడో రోజు పొద్దున డ్రైవరు ఫోన్ చేశాడు. అప్పుడు నేనొక ట్రాక్టరు కింద పడుకుని ఉన్నాను.

"ఏమప్పా, ఆ ఎర్ర లైటు పూర్తిగా ఆరడం లే. సన్నగా వెలుగుతానే ఉండాది. అమ్మను తోలుకోని మీ ఊరికే రావల్ల. ఏమన్నా అయితాదా?"

"ఏంగాదులే అన్నా. ఎల్‌ఈడీ అంటే అట్లనే, ఊరికే మిణుకుమంటాది. నువ్వు రా" అన్నాను. ఫోను చెవి దగ్గర్నుంచి తీయకముందే ఆ సంగతి మరిచిపోయాను.

ఆ ప్రయాణం దేనికో తర్వాత తెలిసింది. హెడ్మాస్టరు భార్యకు హిందూపురంలో అక్క ఉండేది. ఆ తెల్లవారుజామునే పోయింది. సారుకు జ్వరం. ఆమె డ్రైవరుతో ఒక్కతే బయలుదేరింది. దారి పొడుగునా వాన. పగలే చీకటి కమ్మితే హెడ్‌లైట్లు, వైపర్లు వేసుకుని వచ్చారు. పెనుకొండ దాటీ దాటకముందే ముందు లైట్లు మసకబారాయి, ఆ వెంటనే ఇంజన్ ఆగిపోయింది. ఎప్పటికో వేరే బండి దొరికి ఆమె హిందూపురం చేరేసరికి శవాన్ని తీసుకుపోయారు. పొద్దు గూకేలోపు దహనం కావాలని పెద్దలు తొందరపెట్టారట. అక్క ముఖం ఆమె చూడలేదు.

వారం తర్వాత సారు ఎవరో తెలిసినాయన చేత బండి నడిపించుకుంటూ వచ్చారు.

"బ్యాటరీ ఛార్జి పెట్టిస్తే నడుస్తాండాది. బండిలో ఏం లోపం లేదు. ముందురోజు లైటు ఆర్పకుండా పోయింటాడు వాడు. ఇన్నేండ్లు నమ్మినా. మానిపించేసినా" అన్నారు.

నేను బానెట్ ఎత్తి, ఈసారి రేజ్ చేయకుండా మెత్తగా స్టార్ట్ చేశాను. ఓల్టేజీ పన్నెండు దాటలేదు. మీటరులో ఎర్ర చుక్క సన్నగా వెలుగుతోంది. డ్రైవరు ఫోనులో అడిగింది దీని గురించే.

పాత బల్బు గుండా పోయే కాస్త కరెంటే ఆ బండిలో ఆల్టర్నేటరును నిద్ర లేపుతుంది. ఎల్‌ఈడీ గుండా అంత పోదు. గట్టిగా తొక్కితే అది ఎలాగో లేస్తుంది. మెత్తగా నడిపేవాడి చేతిలో లేవదు. అప్పుడు బ్యాటరీకి ఛార్జి అందదు. ఇరవై ఏళ్ల పనిలో ఇది నాకు తెలియని సంగతేం కాదు. ఆ రోజు ఆలోచించలేదు, అంతే.

సారు బెంచీ మీద కూర్చుని మంచినీళ్లు తాగుతున్నారు. నేను మీటరు విప్పి, ఆ ఒక్క ఎల్‌ఈడీ తీసి, మామూలు బల్బు పెట్టేశాను. "ఒక వైరు లూజుగా ఉండె సార్, బిగించినా" అన్నాను. ఆయన తల ఊపి వెళ్లిపోయారు.

అది మొదలు నాకు పని మీద ధ్యాస పోయింది. బిగించిన నట్టునే మళ్లీ మళ్లీ బిగించేవాడిని. కంచం ముందు కూర్చుంటే ఫోనులో ఆ గొంతు, 'ఏమన్నా అయితాదా?' అని. ఇంట్లో అడిగారు, చెప్పలేకపోయాను. పది రోజులు ఓర్చుకుని, పదకొండో రోజు షాపు మూసి ధర్మవరం బస్సెక్కాను.

సారు వాకిట్లోనే ఉన్నారు. నిలబడే చెప్పాను. బల్బు సంగతి, ఫోను సంగతి, వైరు లూజని ఆడిన అబద్ధం, అన్నీ. ఆయన ముఖం నల్లబడింది. "ఆపొద్దు నా ఎదురుగానే ఉంటివి కదప్పా! అప్పుడు నోరు యాడ పోయింది?" అని అరిచారు.

లోపలి నుంచి ఆయన భార్య వచ్చి గడప దగ్గర నిలబడింది. "ఆయప్ప ఫోన్ చేసింది నేను చూసినా. బండెక్కేటప్పుడు, ఏంగాదంటమ్మా అని నాతోనే అన్నాడు. ఈయనకూ చెప్తి. వాణ్ని ఎనకేసుకొస్తాండావు అన్నాడు" అంది. నా వైపు చూసి, "నువ్వన్నా ఆ పొద్దే చెప్పింటే ఈయన నమ్మేవాడు నాయనా" అని లోపలికి పోయింది.

సారు అప్పటికప్పుడే డ్రైవరుకు ఫోన్ చేశారు. "తప్పయిపోయింది, రాప్పా" అన్నారు. అవతల ఏమన్నాడో నాకు వినపడలేదు. ఫోను పెట్టేసి, "రాడంట" అన్నారు.

అతను అప్పటికే పెనుకొండ దగ్గరి ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీకి పనివాళ్లను చేరవేసే బస్సు నడుపుతున్నాడు. తిరుగుదారిలో పెనుకొండలో దిగి వెతికాను. టీ అంగడి ముందు దొరికాడు. నన్ను చూసి లేవలేదు, కసురుకోనూ లేదు. పక్కన చోటిచ్చాడు. నేను చెప్పాల్సింది చెప్పాను.

"నాకు అనుమానం వచ్చింది కాబట్టే కదా నిన్ను అడిగింది" అన్నాడు. "నువ్వు పనోడివి. నీ మాట మీద బండి తీస్తి."

"తప్పు నాదే అన్నా."

"కొలువుదేముందిలే, ఇంకోటి దొరికె. ఆపొద్దు వానలో మోరీ కట్ట మీద కూర్చోని ఆయమ్మ ఏడుస్తాంటే, నేను తాళం తిప్పతానే ఉంటి. ఎన్ని సార్లు తిప్పినానో. ఆయమ్మ నన్ను ఒక్క మాటా అనలే. అదే మతికొస్తాది."

గ్లాసు కింద పెట్టి లేచాడు. షిఫ్టు వాళ్లు ఎదురు చూస్తుంటారని రోడ్డు దాటి బస్సు ఎక్కాడు. నేను ఆ బెంచీ మీదే కూర్చుండిపోయాను.