రెండు ఎడమ చేతుల రవిక

కొత్త బట్టకు వేడి ఇస్త్రీపెట్టె తగలగానే గంజి వాసన లేస్తుంది చూడండి, ఆ వాసన ఇప్పటికీ జయక్కను తెచ్చి నా కుట్టు అంగడిలో కూర్చోబెడుతుంది. మా ఊరు క్యాతగానచెర్లులో గార్మెంట్స్ ఫ్యాక్టరీ బస్సు ఎక్కే రోజుల్లో నాకు సీటు పట్టేది ఆమే, మిషన్ మీద చెయ్యి నిలపడం నేర్పిందీ ఆమే. ఫ్యాక్టరీలో ఒక్కొక్కరిది ఒక్కో ముక్క. అక్క చొక్కాకు ఎడమ చెయ్యి అతికించి నా వైపు తోసేది. నేను కుడి చెయ్యి అతికించి ముందుకు తోసేదాన్ని. ఆ చొక్కాలు ఏ దేశంలో ఎవరు తొడుక్కుంటారో మాకేం తెలుసు!

"ఇంకెన్నాళ్లు పాపా ఈ బస్సు? ఊళ్లోనే అంగడి పెడదాం, నువ్వూ నేనూ" అనేది దారి పొడుగునా. ఆ ఆశ మీదే బతికింది ఆమె.

ధైర్యం చేసి ముందు తన కూతురికే రవిక కుట్టింది. పిల్ల తొడుక్కుని, "అమ్మా, కుడి చంక పట్టేస్తాండాది, చెయ్యి ఎత్తేకి అయితా లేదు" అని గోల. రవిక చేతులకు ముందు వంపు వేరు, వెనక వంపు వేరు. తిప్పి చూద్దును కదా, రెండూ ఎడమ చేతులే! నేను పగలబడి నవ్వాను. అక్కా నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఇన్నేండ్లు కుట్టి ఒక్క రవిక నిండుగా కుట్టలేకపోతినే! నన్ను నమ్మి బట్ట ఎవురిస్తారు పాపా?"

"కుడి చెయ్యి నాదిలే అక్కా. ఇద్దరం ఉంటే అంగడికేం తక్కువ?" అన్నాను. ఆ కుడి చెయ్యి విప్పి, వేరేది కత్తిరించి నేనే కుట్టాను.

అంతలో ఫ్యాక్టరీకి ఆర్డర్లు ఆగిపోయాయి, బస్సు రావడం మానేసింది. అక్క సోలార్ ప్లేట్లు కడిగే కూలికి పోయింది. "ఈ ఎండాకాలం గడవనీ పాపా, వాన పడినంక అంగడి తెరుద్దాం" అంది. వడదెబ్బ తగిలి, ఆసుపత్రికి చేర్చేలోపే పోయింది. పాడు ఎండ! కాస్త ముందే ఎందుకు తెరవలేదా అని ఇప్పటికీ నన్ను నేనే తిట్టుకుంటాను.

అంగడి తెరిచాను, ఒక్కదాన్నే. మొన్న బలసముద్రం నుంచి ఒకామె రవిక చేత పట్టుకుని తిరిగొచ్చింది.

"ఏందక్కా ఇది? దీనికి ఒక చెయ్యే ఉండాది!"

చూస్తే నిజమే. కుడి చెయ్యి కుట్టి, పనైపోయిందని మడిచి ఇచ్చేశాను. ఎడమది అక్క ఎప్పుడో కుట్టేసి ఉంటుందని నా చేతులు ఇంకా నమ్ముతున్నాయి.