అలివేలక్క తెల్ల తువ్వాలు

నగరి నుంచి వచ్చిన మూట విప్పగానే గంజి వాసన గుప్పుమంది. కొత్త నూలు చీరల వాసన. మరమగ్గాల షెడ్డులో పెరిగినదాన్ని కాబట్టి నాకది పుట్టింటి వాసన కూడా. ఆ వాసనకు నాకు తుమ్ము రాకుండా ఉండదు, ఇవాళా వచ్చింది. తుమ్మేసి, పైనున్న ఆకుపచ్చ చీర తీసి, కొంగు చివరను బకెట్టు నీళ్లలో ముంచి, ఒక పాత తెల్ల తువ్వాలు మీద గట్టిగా పిండాను. తువ్వాలు మీద పచ్చటి మరక పడింది. ఉసూరుమనిపించింది. కొత్త చీరను అరలో పెట్టకముందే నీళ్లపాలు చేసే ఈ పిచ్చిని నాకు అంటించింది అలివేలక్క.

తిరుపతిలో రైల్వే స్టేషన్ దగ్గర ఒక సందులో ఆమె చీరల కొట్టు. లోపల ఇద్దరు నిలబడితే మూడో మనిషి వీధిలో ఉండాల్సిందే. డిగ్రీ అయ్యాక నేను అక్కడ పనికి చేరాను. పక్క కొట్లవాళ్లు గుమ్మంలో బొమ్మలకు జరీ చీరలు కట్టి నిలబెట్టేవాళ్లు. మా గుమ్మంలో మాత్రం అక్క తాను కట్టి కట్టి విడిచిన నీలం చీర వేలాడుతుండేది. నాకు తల కొట్టేసినట్టుండేది. ఒకరోజు దర్శనం చేసుకుని కొండ దిగి వచ్చినావిడ ఎవరో దాన్ని చూసి, "ఏమ్మా, పాత చీరలు కూడా అమ్ముతారా?" అని నవ్వింది. నేను తల దించుకున్నాను. అక్క మాత్రం కాఫీ గ్లాసు పక్కన పెట్టి తీరిగ్గా లేచింది.

"పాతదే తల్లీ, నాలుగేండ్లు నేను కట్టిండేది. కొత్తసీర ఎవురైనా సూపిస్తారు. ఉతికి ఉతికి ఇట్లయినాంక గూడా బాగుండాదా లేదా, అది సూడు."

ఆవిడ ఆ చీరను వేళ్లతో నలిపి చూసింది. తర్వాత చెప్పులు విడిచి లోపలికి వచ్చి కూర్చుంది. అయినా నాకు బుద్ధి రాలేదు. ఈ అక్కకు వ్యాపారం చేతకాదనే అనుకున్నాను. "ఈ రంగు నీకు బాగుండదమ్మా" అని మొహం మీదే చెప్పి, వచ్చిన బేరాన్ని పోగొట్టుకునే మనిషిని మరేమనుకోవాలి!

ఆ రోజుల్లోనే నాయనకు కష్టం వచ్చిపడింది. నగరిలో మాకు రెండు మరమగ్గాలు. నేసిన చీరలన్నీ తీసుకునే వ్యాపారి ఉన్నట్టుండి చేతులెత్తేశాడు. మంచం కింద, అటక మీద, ఎక్కడ చూసినా చీరలే. "మగ్గాలు పాతినుముకు ఏసేస్తాను పాపా, ఇంక నా వల్ల కాదు" అన్నాడు నాయన. నాకు అన్నం సయించలేదు. చిత్తూరులో ఎగ్జిబిషన్ జరుగుతుంటే అందులో ఒక స్టాలు తీసుకున్నాను. చీరలు కదిలితే మగ్గాలుంటాయి, లేకపోతే లేవు.

పెద్ద ఫ్లెక్సీ కట్టించాను, రంగుల లైట్లు పెట్టించాను. గొంతు పోయేలా పిలిచాను. ఆడవాళ్లు వచ్చేవాళ్లు, నా మాటలకు తలాడించి పక్కనున్న గాజుల స్టాలుకు వెళ్లిపోయేవాళ్లు. నాయన మూలన స్టూలు మీద కూర్చుని నేల చూపులు చూస్తున్నాడు. అంతలో అక్క తన కొట్టు మూసేసి, బస్సెక్కి వచ్చింది. కాసేపు నన్నే చూసింది.

"మే పాపా, నువ్విట్ల వాగతా ఉంటే వాళ్లు సీర సూసేదెప్పుడు? రంగు పోతాదేమోనని వాళ్ల బయం. నువ్వేమో డిజైన్ల గురించి సెప్తా ఉండావు."

ఎక్కడినుంచో బకెట్టు నీళ్లు తెచ్చి స్టాలు ముందు పెట్టింది. భుజం మీది తెల్ల తువ్వాలు బల్ల మీద పరిచి, "మీకు యాది అనుమానమో అదే తీయండమ్మా" అంది. ఒకావిడ మెరూను చీర తీసింది. నాయన లేచి వచ్చి నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. అక్క కొంగు ముంచి పిండింది. తువ్వాలు మీద ఎర్రగా మరక పడింది.

"ఇది పోతాది. ఇది అమ్మము. పాపా, మెరూనియన్నీ కట్ట కట్టి పక్కన పెట్టు" అంది అక్క, అందరికీ వినపడేట్టు.

"కొంప ముంచితివి కదమ్మా! నలుగురిలో నా పరువు తీసేస్తివే" అన్నాడు నాయన.

"వాళ్లింట్లో పొయ్యేదానికంటే ఈడ మన ముందర పొయ్యేదే మేలన్నా" అని, అక్క ఆ ఆడవాళ్ల వైపు తిరిగి, "ఇంకోటి తీయండమ్మా" అంది.

నీలం తీశారు, పసుపు తీశారు, చిలకపచ్చ తీశారు. వాళ్లే ముంచారు, వాళ్లే పిండారు. ఏ రంగూ దిగలేదు. మెరూను తీసినావిడే తన చెల్లెలితో, "పొయ్యేదాన్ని పోతాదని సెప్పింది సూడు. ఇయి పోవులే, తీసుకో" అంది. ఆ మాటతో జనం మూగారు. తడిసిన చీరలు కూడా మిగల్లేదు. స్టాలు కట్టేసే వేళకు మాకు మిగిలింది ఆ మెరూను కట్ట ఒక్కటే.

నగరి బస్సులో నాయన దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పుత్తూరు దాటాక, "నూలుకు రంగేసేవాణ్ని మార్చల్ల పాపా" అన్నాడు. మగ్గాలు అమ్ముకునే మనిషి అనే మాట కాదది. నేను కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.

నా దగ్గరే ఉండిపోయిన అక్క తువ్వాలు తిరిగి ఇద్దామని ఎన్నిసార్లు ఉతికినా మరక పోలేదు. చీరలో నిలవని రంగు తువ్వాలును మాత్రం పట్టుకుని కూర్చుంది. అక్క చూసి పడీపడీ నవ్వి, "నువ్వే పెట్టుకో మే, బేరానికి పనికొస్తాది" అంది. అక్క ఇప్పుడు లేదు. ఆ సందులో ఆమె కొట్టున్న చోట ఫోన్లు అమ్ముతున్నారు. అటు వెళ్తే గుమ్మం వైపు చూడకుండా ఉండలేను.

నేనిప్పుడు నా కొట్లోంచి ఫోనులో లైవ్ పెట్టి చీరలు అమ్ముతున్నాను. ఇవాళ లైవ్‌కు ముందు నాయనకు ఫోన్ చేశాను. వెనక మగ్గాల చప్పుడు.

"నాయనా, ఆకుపచ్చ పోతా ఉండాది."

"తువ్వాలు మింద సూసినావా?"

"సూసినాను."

"అట్లయితే ఎనక్కి పంపించు" అన్నాడు.

ఫోను స్టాండుకు తగిలించాను. వెలిసిన మెరూను మరక పక్కన పచ్చ మరక ఇంకా తడిగానే ఉంది. చూసేవాళ్లు ఒక్కొక్కరే చేరుతుంటే, చీరల కంటే ముందు ఆ తువ్వాలు తీసి కెమెరా ముందు పరిచాను.