బోర్నమ్మను పొలిమేర దాటించిన పోలమ్మ

పోలమ్మ బతుకంతా నీళ్ళు మోయడమే. ఇంతకంటే గొప్పగా మొదలుపెట్టడానికి ఆ బతుకులో ఏమీ లేదు. విశాఖ జిల్లాలో ఏదో పల్లెలో పుట్టి, తల్లి చంకనెక్కి ఓడలో వచ్చి మారిషస్‌లో దిగింది. ఏ రేవున ఓడెక్కినా సరే, ఇక్కడ దిగిన తెలుగువాళ్ళందరినీ ఒకే రేవు పేరుతో కోరింగీలనే పిలిచేవారు. పుట్టిన ఊరి పేరు తల్లికి తెలుసు. తల్లి పోయాక ఆ పేరూ పోయింది.

ఆమె ఉన్న కూలీల కేంపు సెయింట్ పియర్ దాటి కార్తియే మిలితేర్ వైపు వెళ్ళే దారిలో, చెరకు తోటల మధ్య ఉండేది. కేంపు కింద ఒక వాగు. ఎగువ ఊళ్ళో పశువులు కడిగినా, చాకిరేవు పెట్టినా, పంచదార మిల్లు మురుగు వదిలినా అన్నీ ఆ వాగులోకే. కేంపు తాగేది ఆ నీళ్ళే. పోలమ్మ ముగ్గురు కొడుకుల్ని కని ముగ్గుర్నీ రక్తవిరేచనాలకి అప్పగించింది. మిగిలింది కూతురు సావిత్రి. సావిత్రికి ఒక పిల్ల, ముత్యాలు. అల్లుడు గోపాలం రోజ్ హిల్‌లో గొట్టాలు దింపే కూలీగా చేరి, నాలుగు ఫ్రెంచి ముక్కలు నేర్చుకుని, కేంపులో పెద్దమనిషి లెక్కన తిరిగేవాడు.

ఇంత జరుగుతున్నా కేంపుకి మంచినీళ్ళు ఎందుకు రాలేదు? కేంపు ఎవరిదో తేలకపోవడం వల్ల. ఎగువ ఊరికి ఒక బోర్డు, దిగువ ఊరికి ఒక బోర్డు. కొళాయి అడగడానికి ఎగువకి వెళితే "మీరు దిగువ వాళ్ళు" అనేవారు. దిగువకి వెళితే "గొట్టం ఎగువ నుంచి కదా రావాలి, వాళ్ళనే అడగండి" అనేవారు. పన్ను వసూలుకి మాత్రం రెండు బోర్డుల మనుషులకీ దారి తెలిసేది.

రెండు ఊళ్ళకీ మధ్య హద్దు వేసినప్పుడు ఒక దొర కొలత గొలుసులు పట్టించి, కేంపు ఎగువ కొసన చెక్కిన రాయి ఒకటి పాతించాడు. ఆ హద్దురాయిని వాళ్ళ భాషలో బోర్న్ అన్నారు. రాయి నిలబడ్డాక దొర వెంట వచ్చిన కూలీలు టోపీలు తీసి, రమ్ము సీసా విప్పి, నాలుగు చుక్కలు రాయి మీద పోసి, మిగిలింది తాగారు. కేంపు ఆడవాళ్ళు ఇదంతా చూస్తూ నిలబడ్డారు.

"ఓలమ్మా, ఈళ్ళూ పొలిమేర అమ్మోరిని నిలబెడతారేటే!" అంది పోలమ్మ.

మరి పొలిమేరలో రాయి పాతి, టోపీ తీసి, సారా పోస్తే అది అమ్మవారు కాక ఏమిటి? మర్నాడే పసుపు పూశారు. కుంకుమ పెట్టారు. పేరు కావాలి కాబట్టి దొర పెట్టిన పేరే ఉంచారు. బోర్నమ్మ. కేంపు పూజారి సూరన్న కోడిని కోసి, "బోర్నమ్మ తల్లీ, మా పొలిమేర కాయి" అని మొక్కాడు. రాయి మీద చెక్కిన అక్షరాలు పసుపు కింద, మసి కింద, నూనె కింద పూర్తిగా మునిగిపోయాయి.

చాలా ఏళ్ళ తరవాత, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో, రెండు బోర్డులూ కలిసి ఒక ప్రాంతీయ కౌన్సిల్ పెట్టుకున్నాయి. రోడ్లు కలిపి వేసుకుందాం, నీళ్ళు పంచుకుందాం, ఒక ఊరి మురుగు ఇంకో ఊరి మీద పడకుండా చూసుకుందాం అని. కాగితం మీద ఇంత మంచి ఆలోచన ఇంకోటి లేదు. దాని సెక్రటరీ పేరు జోసెలిన్. క్రియోల్ మనిషి, సన్నగా, ఎప్పుడూ చెమటతో ఉండేవాడు. ఆయన నోట ఒకటే మాట: "అన్సామ్". అంటే కలిసి. రోడ్డు అన్సామ్, వంతెన అన్సామ్, నీళ్ళు అన్సామ్. కేంపు పిల్లలు ఆయన్ని మొస్యే అన్సామ్, అంటే అన్సామ్ గారు, అనే పిలిచేవారు.

ఆయన మంచివాడు. మంచివాళ్ళ వల్ల జరిగే నష్టం మెల్లగా జరుగుతుంది, అందుకే ఎవరూ గమనించరు.

జోసెలిన్ ఎండలో వచ్చి బోర్నమ్మ ముందు కూర్చుని ఒప్పందం వివరించాడు. రాయి దాకా ఎగువ బోర్డు గొట్టం తెస్తుంది. రాయికి ఇవతల, అంటే కేంపు వైపు, దిగువ బోర్డు కొళాయి పెడుతుంది, చూసుకుంటుంది. గోపాలం తెలుగులో చెప్పాడు.

"అంటే అమ్మోరి కాడికి నీళ్ళొస్తాయన్నమాట" అంది పోలమ్మ.

"అమ్మోరు కాదత్తా, హద్దురాయి."

"నీకు హద్దు, నాకు అమ్మోరు. నీళ్ళు ఒకటే కదా బాబూ!"

జోసెలిన్ ఆ మాట ఏమిటో అడిగి తెలుసుకుని, పడీ పడీ నవ్వి, లేచి ఆమెకి దండం పెట్టాడు. ఆ రోజు కేంపంతా నవ్వింది. తవ్వకం మొదలైంది. ఎగువ నుంచి కాలవ తవ్వుకుంటూ, గొట్టాలు పరుచుకుంటూ, పనివాళ్ళు బోర్నమ్మ అడుగు దాకా వచ్చారు. దిగువ బోర్డు కొళాయి బిగించడమే తరువాయి. కొళాయి ఇవాళ వస్తుంది, రేపు వస్తుంది. వానలు ముందొచ్చాయి.

వానలతో పాటు రక్తవిరేచనాలూ వచ్చాయి. ముందు వీధి చివర ఇద్దరు పిల్లలు పోయారు. తరవాత ముత్యాలు మంచాన పడింది. పిల్ల కళ్ళు లోపలికి పోయాయి. ఏడవడానికి కూడా ఓపిక లేక నోరు మాత్రం తెరిచేది.

జబ్బొస్తే కేంపులో ఒక పద్ధతుంది. అమ్మవారికి కోపం వచ్చిందని ఘటం ఎత్తి, పసుపన్నం చల్లుకుంటూ, డప్పు కొట్టుకుంటూ పొలిమేర దాటించి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేస్తారు. సాగనంపడం అంటారు. ఆసారీ సాగనంపారు. జబ్బు పోలేదు. ఇంకో పిల్లాడు పోయాడు.

సూరన్న తల గోక్కున్నాడు. "అమ్మ ఇక్కడే కూకుంటే ఘటం పంపితే ఏటవుద్ది? తల్లినే పంపాల."

"రాయినా?" అన్నాడు గోపాలం.

"నోరు కడుక్కో."

గోపాలం అత్త దగ్గరకి పరిగెత్తాడు. పోలమ్మ పిల్ల పక్కన కూర్చుని గుడ్డ తడిపి పెదాలు తుడుస్తోంది.

"అత్తా, నువ్వు సెప్తే ఇంటారు. ఆ రాయి కదిపితే కొళాయి రాదు. ఒప్పందమంతా ఆ రాయి మీదే ఉంది. అది జరిగితే రెండు బోర్డులూ మళ్ళీ కొట్టుకుంటాయి."

"కొళాయి ఎప్పుడొస్తాది?"

"వచ్చే వారమంటన్నారు."

"పోయిన వారమూ అదే అన్నారు గదా బాబూ. కొళాయి వొచ్చేదాకా పిల్లుండాలి గదా!"

గోపాలం సావిత్రి వైపు చూశాడు. "నువ్వేనా సెప్పవే."

సావిత్రి పిల్లని చూస్తూనే అంది, "రాయి మళ్ళీ పెట్టుకోవచ్చు."

మంగళవారం పట్టపగలు బోర్నమ్మని పెకలించారు. చెరకు బండి మీద ఎక్కించారు. పోలమ్మ ముందు నడిచింది, వేపకొమ్మ పట్టుకుని. బండి వాగు దాటింది. వాగుకి అవతల, దిగువ ఊరి చెరకు మడి గట్టు మీద, రాయిని దింపి నిలబెట్టి, కోడిని కోసి, ఎవరూ వెనక్కి చూడకుండా వచ్చేశారు.

ముత్యాలు బతికింది. ఎందుకు బతికిందో నాకు తెలియదు, ఎవరికీ తెలియదు. రెండో రోజుకి గంజి తాగింది. మూడో రోజు తల్లి జుట్టు పట్టుకుని లాగింది. సూరన్న అరుగు మీద కాలు మీద కాలేసుకు కూర్చున్నాడు. గోపాలం పిల్లని ఎత్తుకు తిరిగాడు. కూతురు బతికితే ఏ తండ్రి వాదన పెట్టుకుంటాడు?

ఆ తరవాతే దిగువ బోర్డు మేస్త్రీ కొళాయి పట్టుకుని వచ్చాడు. ఇన్నాళ్ళూ రానివాడు అప్పుడే రావాలి. రాయి ఉండవలసిన చోట గొయ్యి ఉంది. రాయి వాగు అవతల ఉంది. కొళాయి సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు.

దిగువ బోర్డు అంది: రాయి వాగు అవతల ఉందంటే కేంపంతా ఎగువ వాళ్ళదే, కొళాయి వాళ్ళే పెట్టుకోవాలి. ఎగువ బోర్డు అంది: కేంపుని మా నెత్తిన రుద్దడానికి దిగువ వాళ్ళే రాయి జరిపించారు, ఇంత నీచమా!

జోసెలిన్ పరిగెత్తుకుంటూ కేంపుకొచ్చాడు. రాయి ఎవరు తీశారని అడిగాడు. హద్దురాయి కదిపితే జైలని అందరికీ తెలుసు. చివరికి సూరన్న గొంతు సవరించుకుని, "తల్లే నడిచెళ్ళింది దొరా" అన్నాడు.

"నడిచి వెళ్ళిందా?"

"ఈ ఊరు నచ్చినట్టు లేదు."

ఎవరో కిసుక్కున నవ్వారు. జోసెలిన్ నవ్వలేదు. గొయ్యి అంచున కూర్చుని రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. ఆ మొహం చూసి పోలమ్మకి జాలేసిందంటే నమ్ముతారా? ముగ్గురు కొడుకుల్ని పోగొట్టుకున్న మనిషి, ఉద్యోగం ఉన్నవాడిని చూసి జాలిపడింది.

"మో మెమ్" అంది. నేనే అని. "నానే తీయించాను. పిల్ల కోసం."

జోసెలిన్ లేచి నిలబడ్డాడు. ఆ మాటే కౌన్సిల్లో చెప్పమన్నాడు. నిజం తెలిస్తే ఇద్దరూ చల్లబడతారు, రాయి తెచ్చి మళ్ళీ పాతుదాం, వారంలో నీళ్ళు వస్తాయి అన్నాడు. జైలు లేకుండా తను చూసుకుంటానన్నాడు. గోపాలం వద్దన్నాడు. పోలమ్మ ఉతికిన చీర కట్టుకుని వెళ్ళింది.

కౌన్సిల్ కూర్చునే గదిలో పొడుగాటి బల్ల. ఒక వైపు ఎగువ వాళ్ళు, ఒక వైపు దిగువ వాళ్ళు. మధ్యలో నీళ్ళ కూజా. ఆమె కాసేపు ఆ కూజా వంకే చూసింది. తరవాత ఉన్నదంతా చెప్పింది, కొంత దీవి భాష క్రియోల్‌లో, కొంత తెలుగులో, మిగిలింది చేతులతో. గోపాలం అందించాడు. అమ్మవారిని సాగనంపడమంటే ఏమిటో చెప్పేటప్పుడు వాడి చెవులు ఎర్రబడ్డాయి.

దిగువ పెద్దమనిషి ఒకాయన అడిగాడు: "రాయి ముందు ఎక్కడుండేదో ఈమె చెబితే మేం నమ్మాలా? హద్దులు మార్చే మనిషి కదా!"

"గొయ్యి ఉంది కదండీ. గొట్టం కాలవ కూడా అక్కడి దాకే ఉంది" అన్నాడు జోసెలిన్.

"కాలవ తవ్వింది ఎగువ వాళ్ళు. వాళ్ళకి ఎక్కడ కావాలంటే అక్కడ ఆపుతారు."

ఎగువ వాళ్ళు కుర్చీలు వెనక్కి తోసి లేచారు. అరుపులు. జోసెలిన్ "అన్సామ్, మొస్యేలూ, అన్సామ్" అంటూ బల్ల చుట్టూ తిరిగాడు. చివరికి అలిసిపోయారు. అప్పుడు ఎగువ వైపు నుంచి ఒక ముసలాయన మెత్తగా ఒక మాట అన్నాడు. ఇన్నాళ్ళూ మన మధ్య గొడవంతా ఈ కేంపు వల్లే కదా, సర్కారు మళ్ళీ కొలిచేదాకా కేంపు ఎవరిదీ కాదందాం. రాయిని కౌన్సిల్ గోదాములో పెడదాం.

అందరూ చేతులెత్తారు. ఆ కౌన్సిల్ పుట్టాక రెండు ఊళ్ళూ కలిసి, ఒక్క వ్యతిరేకత లేకుండా చేసిన తీర్మానం అదొక్కటే. చేతులు కలుపుకున్నారు కూడా. జోసెలిన్ మాత్రం బల్ల మీద చూపు పెట్టి కూర్చున్నాడు.

"ఏటన్నారు?" అని పోలమ్మ గోపాలాన్ని అడిగింది.

"మనం ఎవరికీ కామంట."

"మరి నీళ్ళు?"

గోపాలం ఆమె చెయ్యి పట్టుకుని బయటికి నడిపించాడు. ఆమెను జైల్లో పెట్టలేదు. ఎవరికీ చెందని మనిషిని ఎవరు జైల్లో పెడతారు?

గొట్టాలు పెకలించుకుపోయారు. బోర్నమ్మని బండిలో తీసుకెళ్ళి, గోదాములో పారల పక్కన, సున్నం బస్తాల పక్కన పడేశారు. కొలవడానికి సర్కారు మనిషి రాలేదు. జోసెలిన్ ఇంకోసారి కేంపు వైపు రాలేదు, వేరే ఊరికి మారిపోయాడన్నారు. పోలమ్మ మళ్ళీ బిందె ఎత్తుకుంది.

మరుసటి వానలకి ముత్యాలు మళ్ళీ పడింది. ఈసారి సావిత్రే తల్లి దగ్గరకి వచ్చింది.

"అమ్మా, ఘటమెత్తు. సాగనంపుదాం."

"ఎక్కడికే?"

"పొలిమేర దాటించు."

"పొలిమేరేదే?"

సావిత్రికి అర్థం కాలేదు. తరవాత అర్థమైంది. అయినా, "ఏదో ఒక సోట దింపు, నీ కాళ్ళట్టుకుంటాను" అంది.

పోలమ్మ ఘటం నెత్తిన పెట్టుకుంది. సూరన్న డప్పు కొట్టాడు. వాగు దాటారు. అక్కడ దింపబోతే దిగువ తోట కాపలావాడు, ఇక్కడ కాదు పొమ్మన్నాడు. ఎగువకి నడిచారు. అక్కడా ఒక మనిషి, అదే మాట. కార్తియే మిలితేర్ రోడ్డు దాకా వెళ్ళారు. వానకి డప్పు తోలు మెత్తబడి మోగడం మానేసింది. సూరన్న ఆగిపోయాడు.

"ఎక్కడ దింపాలి సూరన్నా? సెప్పు. నువ్వు పూజారివి."

"నాకేటి తెలుసు పోలమ్మా. హద్దు లేకపోతే అమ్మెటు దాటుద్ది?"

పోలమ్మ వెనక్కి తిరిగింది. సాగనంపిన ఘటం ఇంటికి రాకూడదు. ఆమె తెచ్చింది. గుమ్మంలో కూర్చున్న సావిత్రి, తల్లి నెత్తి మీద ఘటాన్ని చూసింది. లోపలికి వెళ్ళి, పిల్లని ఒళ్ళోకి తీసుకుని, గోడ వైపు తిరిగి కూర్చుంది.

పోలమ్మ ఘటం దించకుండా వానలో అలాగే నిలబడి ఉంది.