బావ ఫ్లెక్సీ, మేనల్లుడి ముహూర్తం, మధ్యలో నా కారు

ఆదివారం పొద్దున నేను కారు బానెట్ ఎత్తి నిలబడితే చాలు, మా బావకు పండగ. "లోకంల మనుషులు ఆదివారం పూట మటన్ తెస్తరు. మా బామ్మర్ది బండికి బీపీ చూస్తడు" అని పోయేవాళ్ళను ఆపి మరీ చెబుతాడు.

చూస్తాను, అబద్ధమెందుకు. ఇంజన్ ఆయిల్ పుల్ల బయటికి తీసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి, ఆయిల్ ఎంతవరకు అంటిందో చూస్తాను. కూలెంట్ డబ్బాలో గీత దాకా ఉందా లేదా చూస్తాను. బ్రేక్ ఆయిల్, అద్దం తుడిచే రబ్బర్లు, వెనక లైట్లు, స్టెప్నీతో కలిపి టైర్లలో గాలి. బడిలో ఉన్నన్నాళ్ళు హోంవర్క్ ఒక్కనాడూ చేయలేదు. ఎనిమిదో తరగతి పూర్తి కాకముందే నాచారంలో ఒక ఫ్యాక్టరీ గేటులోకి వచ్చి పడ్డాను. అప్పుడు సార్లు చేయించలేని హోంవర్కంతా ఇప్పుడీ పాత కారు చేయిస్తోంది. బెత్తం కూడా లేకుండా.

మా అక్క కొడుక్కి పెళ్ళి కుదిరాక, పెళ్ళికొడుకును ఏ బండిలో తీసుకెళ్ళాలన్న మాట వచ్చింది. బావ పైకప్పు తెరుచుకునే పొడుగాటి కారు అద్దెకు తెస్తానన్నాడు. ఆయన మా కాలనీ సంఘానికి అధ్యక్షుడు. చేతులు ఊపడానికి వీల్లేని బండి ఎక్కడమంటే ఆయనకు మనసొప్పదు. అక్క మాత్రం ససేమిరా అంది.

"నా తమ్ముని బండిలనే పోవాలె. గది ఎన్నడన్న నడిమిట్ల ఆగిందా?"

అక్క ఆ మాట ఎందుకందో ఇంట్లో అందరికీ తెలుసు. అంతకుముందు ఒక సంబంధం నిశ్చితార్థం దాకా వచ్చి తప్పిపోయింది. ఆ రోజు మేం వెళ్ళిన అద్దె బండి దారిలో మొరాయించి, రెండు గంటలు రోడ్డు మీద నిలబెట్టింది. సంబంధం తప్పింది ఆ అమ్మాయికి ఇష్టం లేక. కానీ అక్క దృష్టిలో తప్పంతా ఆ బండిదే. అప్పట్నుంచి కొడుకు పెళ్ళి మాటెత్తితే చాలు, పిల్లి ఎదురొచ్చినా, పక్కింటివాళ్ళు తుమ్మినా కూర్చుండిపోయేది. పెళ్ళికి వారం ముందు నా చేయి పట్టుకుని, "తమ్మీ, ఏడా ఆగకుండ పోరన్ని మండపం కాడ దించు. నాకింకేం వద్దు" అంది. నేను జోకు వేయబోయి ఆమె ముఖం చూసి మానుకున్నాను. నా జీవితంలో అలా మానుకున్న జోకులు బహుశా చేతి వేళ్ళకు సరిపోతాయి.

పెళ్ళి మే నెలలో. ఇల్లు నాచారంలో, ఫంక్షన్ హాలు ఉప్పల్ దాటాక ఘట్‌కేసర్ పోయే రోడ్డు మీద. ముహూర్తం మిట్టమధ్యాహ్నానికి కాస్త ముందు. నేను తెల్లవారగానే నా హోంవర్కంతా పూర్తి చేసి, కారును బావ వాళ్ళ గేటు ముందు పెట్టి, స్నానం చేసి కొత్త బట్టలు వేసుకోవడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి కారుకు మూతి లేదు.

మూతి ఉండాల్సిన చోట ఒక ఫ్లెక్సీ ఉంది. ఒక చివర పెళ్ళికొడుకు, ఇంకో చివర పెళ్ళికూతురు. నడుమ ఇద్దరి కంటే రెండింతల సైజులో, తెల్ల చొక్కాలో, చేతులు జోడించిన మా బావ. చుట్టూ ఒత్తుగా బంతిపూలు. అంతా కలిపి బైండింగ్ వైరుతో బిగించి కట్టారు.

"ఎట్లుంది బామ్మర్ది?"

"మస్తుంది బావా. గని పెళ్ళి అల్లునిదా, నీదా?"

"తండ్రి ఆశీర్వాదం ఉండొద్దారా?"

"ఉండాలె. గని గింత పెద్ద ఆశీర్వాదం మోస్తె పోరని మెడ వంగుతది."

అద్దం ముందు వేలాడుతున్న దండను పక్కకు కట్టించాను. హెడ్‌లైట్లు, నంబర్ ప్లేటు కనపడుతున్నాయా అని చూశాను. రోడ్డు నాకు కనపడాలి, నేను రోడ్డుకు కనపడాలి, ఇంకేం కావాలి అనుకున్నాను. కారు కూడా ఊపిరి పీలుస్తుందన్న సంగతి ఆ క్షణంలో నా బుర్రకు తట్టలేదు. బావ బొమ్మను చూసి నవ్వుకోవడంలోనే సరిపోయింది.

చుట్టాలంతా బస్సులో ముందే వెళ్ళిపోయారు. కారులో ముందు బావ, వెనక అల్లుడు, అక్క. సీటు బెల్టులు పెట్టుకునేదాకా నేను గేరు వేయలేదు. "చొక్కా నలుగుతదిరా" అని బావ, "తలపాగ జారుతది మామా" అని అల్లుడు. అక్క మాత్రం అడగకముందే పెట్టుకుని, పట్టీని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

హబ్సిగూడ దాకా హాయిగా వచ్చాం. ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర బండ్లు చీమల బారులా సాగుతున్నాయి. దాటాక పిల్లర్ల పని జరుగుతున్న చోట ఆ సాగడమూ ఆగిపోయింది. ఏసీ గాలి చల్లదనం తగ్గి, గోరువెచ్చనై, అటు తర్వాత నోటితో ఊదినట్టు వచ్చింది. దానితోపాటు ఒక వాసన.

బావ ముక్కు ఎగబీల్చాడు. "ఏందిరా, ఆకుకూర ఉడికినట్టు వాసనొస్తుంది?"

నా కళ్ళు అప్పటికే మీటరు మీద ఉన్నాయి. ఎప్పుడూ నడిమధ్యలో కుదురుగా నిలబడే వేడి ముల్లు ఎర్ర గీత వైపు పాకుతోంది. పొద్దున అన్నీ చూశాను కదా! కూలెంట్ నిండుగా ఉంది, కింద ఒక్క చుక్క కారలేదు. మరి ఎందుకు పెరుగుతోంది?

ముందుకు పోయే దారి లేదు, పక్కకు తీసే చోటూ లేదు. ఏసీ ఆపేశాను. అద్దాలన్నీ దించాను. హీటర్ బటన్ చివరిదాకా తిప్పి, ఫ్యాన్ ఫుల్లు పెట్టాను. ఇంజన్ వేడిలో కొంతైనా కారు లోపలికి లాగేస్తే దానికి కాస్త ఊరట దొరుకుతుంది. మనకు దొరకదు, అది వేరే సంగతి. మే నెల ఎండలో ఉప్పల్ ట్రాఫిక్‌లో హీటర్ వేసిన మొదటి మనిషిని బహుశా నేనే.

"పిచ్చి లేసిందారా నీకు? పోరన్ని ఆవిరి మీద ఉడకబెడ్తున్నవా?" అని బావ అరిచాడు.

"ఇంజన్ వేడెక్కింది బావా. జరసేపు ఓపిక పట్టు."

"మామా, షేర్వాని లోపట బనీను కూడ ఉంది" అన్నాడు అల్లుడు, ఏడుపు గొంతుతో.

"గిది ఇప్పుడా చెప్పేది? వచ్చే పెళ్ళికి యాదికి పెట్టుకో" అన్నాను. నోరు జారాక అద్దంలో అక్కను చూశాను. ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. చాలా మెల్లగా అడిగింది.

"బండి ఆగుతదా తమ్మీ?"

ముల్లు ఎర్ర గీతకు వెంట్రుక దూరంలో ఉంది. హీటర్ వేశాక దాని పరుగు తగ్గింది కానీ ఆగలేదు. ఇంకా లాగితే ఇంజన్ పాడవుతుంది, అప్పుడు నిజంగానే కదలదు. బండ్లు మెల్లగా కదిలి, ఉప్పల్ డిపో దాటాక ఎడమ పక్కన కొబ్బరిబోండాల బండి దగ్గర కాస్త నీడ కనపడింది.

"బండి ఆగుతలేదక్కా. నేనే ఆపుతున్న. ఆపితేనే మళ్ళ నడుస్తది."

నాలుగు లైట్లూ మిణుకుమనేలా బటన్ నొక్కి, రోడ్డు దిగి ఆపాను. అద్దంలో చూస్తే అక్క కళ్ళు మూసుకుని ఉంది. పెదాలు కదులుతున్నాయి.

నేను బానెట్ ఎత్తేసరికి బావ నీళ్ళ సీసాతో సిద్ధంగా ఉన్నాడు. భుజం మీది కండువా చేతికి చుట్టుకుని రేడియేటర్ మూత మీద చేయి వేయబోయాడు. ఆ చేయి రెండు చేతులతో పట్టుకుని వెనక్కి లాగాను.

"ఇడువురా! నీళ్ళు పోస్తె సల్లబడుతది."

"కూతేసే కుక్కర్ మూత తీస్తవా బావా నువ్వు? గిది గంతకన్న ఎక్కువ. మూత కదిలిందంటే మరిగిన నీళ్ళు మొఖం మీదికే ఎగుస్తయి. ఫ్లెక్సీల తప్ప నీ మొఖం ఇంకేడ మిగలదు."

బావ చేయి వదులు చేశాడు. కాలుతుందని అప్పుడు తెలిసినట్టు వేళ్ళు ఊదుకున్నాడు. లోపల చూస్తే పైపులు ఎక్కడా చిట్లలేదు, కూలెంట్ డబ్బాలో గీత దగ్గరే ఉంది. ఇంజన్ ఆపినా రేడియేటర్ ఫ్యాన్ రొప్పుతూ తిరుగుతూనే ఉంది. అన్నీ బాగున్నాయి, వేడి మాత్రం దిగడం లేదు. తల పట్టుకుని కారు ముందుకు వచ్చి నిలబడ్డాను.

అక్కడ కనపడింది నాకు అసలు సంగతి. లోపల ఫ్యాన్ లాగే లాగుడుకు ఫ్లెక్సీలో మా బావ బుగ్గలు రెండూ లోపలికి పీక్కుపోయి, పళ్ళు లేని ముసలాయనలా ఉన్నాడు. ఫ్యాన్ కాస్త తగ్గితే బుగ్గలు పొంగుతున్నాయి, పెరిగితే మళ్ళీ పీక్కుపోతున్నాయి. చుట్టూ బంతిపూలు వాడిపోయి, ఉడికిన గోంగూరలా వేలాడుతున్నాయి. గాలి వెళ్ళే దారికి మేమే ఫ్లెక్సీతో తలుపు వేసి, దాని మీద పూలు కూడా పెట్టాం.

"ఫ్లెక్సీ తీసెయ్యాలె" అన్నాను.

బావ రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "ముహూర్తం ముంగట పిల్లల మొఖాలు చింపుతవా? అపశకునంరా! గట్లయితె ఆటో మాట్లాడు."

అపశకునం అన్న మాట వినపడి అక్క కారు దిగింది. వెనకే అల్లుడు, తలపాగా చేత్తో పట్టుకుని. ఈమె వద్దంటే ఇక నేను చేయగలిగిందేమీ లేదు. పెళ్ళికొడుకు ఆటోలో పోతాడు. పెళ్ళి అవుతుంది. కానీ కారు నడిమిట్ల ఆగిందన్నది మా అక్క మనసులో జీవితాంతం ఉండిపోతుంది. కోడలికి జలుబు చేసినా ఆ కారు వల్లేననుకుంటుంది.

"అక్కా, గిటు రా. నువ్వే చూడు" అన్నాను.

అక్క వచ్చి ఫ్లెక్సీ ముందు నిలబడింది. బావ బుగ్గలు పీక్కుపోయాయి. పొంగాయి. మళ్ళీ పీక్కుపోయాయి. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె భుజాలు కదులుతుంటే ఏడుస్తోందేమోనని భయపడ్డాను. కొంగు తీసేసరికి నవ్వు. పెళ్ళి పనులు మొదలయ్యాక ఆమె నవ్వడం నేను చూడలేదు.

"నిన్ను ముంగట కడితె బండికే దమ్మాడ్తలేదు. నాకిన్నేండ్లు ఎట్లాడిందయ్యా!"

కొబ్బరిబోండాల ఆయన కూడా కత్తి పక్కన పెట్టి నవ్వాడు. బావ నవ్వాలా, కోప్పడాలా తేల్చుకోలేక కండువా సర్దుకున్నాడు.

అక్కే చెప్పింది. "చింపకున్రి. మెల్లగ ఇప్పున్రి. నేను పట్టుకుంట."

డిక్కీలోంచి పట్టకారు తెచ్చాను. ఒక పక్క వైర్లు నేను విప్పాను, రెండో పక్క అల్లుడు రుమాలు చుట్టుకుని విప్పాడు. విప్పిన ఫ్లెక్సీని అక్క చంటిపిల్లను అందుకున్నట్టు అందుకుని, చుట్టి, ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "కొడుకు, కోడలు ఇద్దరు నా ఒళ్ళకే వచ్చిన్రు. గిది అపశకునం ఎట్లయితది?" అని బావను అడిగింది. కాలనీలో ఏ ప్రశ్నకైనా గంటసేపు జవాబు చెప్పే మనిషి, బెల్టు పెట్టుకోవడంలో మునిగిపోయాడు.

మేం తిట్టుకుంటూ, నవ్వుకుంటూ కాసేపు గడిపాక ఫ్యాన్ తనంతట తనే ఆగింది. స్టార్ట్ చేశాను. ముల్లు దిగుతోంది. మెట్లు దిగే ముసలామెలా, ఒక్కో అడుగు చూసుకుంటూ. సగానికి వచ్చి నిలబడ్డాక నేను గేరు వేశాను. హీటర్ ఇంకా ఆపలేదు, ఎందుకైనా మంచిదని. ఏ బండితోనూ పోటీ పడకుండా, ముందు బండికి దూరం వదిలి నడిపాను. వెనకవాళ్ళు హారన్లు కొట్టారు. కొట్టుకోనీ, సన్నాయి వాళ్ళు హాల్లో ఉన్నారు, దారి పొడుగునా వీళ్ళున్నారు.

హాలు గేటు దగ్గర ఆడపెళ్ళివాళ్ళు ఎదురుకోళ్ళకు నిలబడి ఉన్నారు. అల్లుడు దిగాడు. షేర్వానీ ఒంటికి అతుక్కుపోయింది, తలపాగాలోంచి చెమట కారుతోంది. పానకం ఇస్తే గటగటా తాగి, "ఇంకోటి ఉందా?" అని అడిగాడు. పెళ్ళికూతురి మేనమామ వీపు తట్టి, "అల్లునికి గింత భయమా? మా పిల్ల కొడ్తదా ఏంది?" అన్నాడు.

"భయం కాదండీ, మా మామ కారుల ఏసీ గట్లనే ఉంటది" అన్నాడు అల్లుడు. మా వంశంలో నా తర్వాత ఎవరని నాకున్న దిగులు ఆ మాటతో తీరింది.

ముహూర్తానికి అయ్యగారు పిలిచేసరికి అందరం మండపం దగ్గరే ఉన్నాం. తెర అడ్డంగా పట్టారు. జీలకర్ర బెల్లం ఒకరి తల మీద ఒకరు పెట్టుకున్నారు. మేళం హోరెత్తింది. అక్షింతలు వేస్తూ నేను అక్కనే చూస్తున్నాను. ఆమె చేతులు జోడించి, తెర దించాక కొడుకు ముఖాన్ని, కోడలి ముఖాన్ని మార్చి మార్చి చూసి, నెమ్మదిగా కుర్చీలో వెనక్కి వాలింది.

తలంబ్రాలయ్యాక నేను బయటికి వచ్చి ఇంజన్ మీద చేయి పెట్టి చూశాను. పూర్తిగా చల్లబడింది. అప్పుడు మూత తీసి చూస్తే కూలెంట్ కాస్తే తగ్గింది. డిక్కీలో ఉన్న కూలెంట్ పోసి మూత బిగించాను.

తిరిగి లోపలికి వస్తే, ఫోటోల కోసం అందరూ స్టేజీ ఎక్కుతున్నారు. పెళ్ళికొడుకు తల్లిదండ్రులు రావాలని మైకులో పిలుస్తున్నారు. అక్క ముందు వరసలో కూర్చుని, మేళం అంత హోరులోనూ, బావ భుజం మీద తల వాల్చి గాఢంగా నిద్రపోతోంది. ఫోటోగ్రాఫర్ కిందికి దిగి వచ్చి, "సార్, రండి సార్, మీరు లేనిదే ఎట్ల" అన్నాడు.

ఫోటో అంటే ప్రాణం ఇచ్చే మా బావ, భుజం కదపకుండా, చేత్తోనే పొమ్మని సైగ చేశాడు.

"తర్వాత. ఆమెను పండనియ్యి" అన్నాడు.