పక్కకు తిప్పే దుప్పటి

వార్డులో పదేళ్ళకు పైగా నర్సుగా పనిచేసిన మనిషి మళ్ళీ సంచి భుజాన తగిలించుకుని కాలేజీ మెట్లెక్కుతుందని ఎవరూ అనుకోలేదు. ఆమే అనుకోలేదు. అంతా అన్నయ్య వల్ల జరిగింది.

అన్నయ్య కరెంటు పనివాడు. ఒక కొత్త భవనంలో వైర్లు లాగుతూ నిచ్చెన మీదనుంచి వెనక్కి పడ్డాడు. ప్రాణం దక్కింది కానీ నడుము కింద స్పర్శ పోయింది. నిండైన విగ్రహం ఆయనది. వదినేమో గాలి గట్టిగా వీస్తే ఎగిరిపోయేంత మనిషి. మంచం పట్టినవాణ్ణి గంటగంటకూ కాకపోయినా రెండు గంటలకోసారైనా పక్కకు తిప్పాలి. లేకపోతే ఒరుసుకున్న చోటల్లా చర్మం కమిలి పుండు పడుతుంది. ఆ బండచాకిరీ అంతా వదినదే. ఆడబిడ్డ డ్యూటీ నుంచి వచ్చాక కాస్త చేయి సాయం.

ఒకరోజు ఆమె ఇంటికొచ్చేసరికి వదిన అన్నయ్య మీద అడ్డంగా పడి ఉంది. తిప్పబోతే నడుము పట్టేసి, లేవలేక, మధ్యాహ్నమంతా అలాగే ఉండిపోయింది.

"పెళ్ళయిన ఇన్నాళ్ళకి మీ వదిన నన్ను వదలకుండా పట్టుకుంది చూడవే," అన్నాడు అన్నయ్య.

ముగ్గురూ నవ్వారు. వదినను లేపి కూర్చోబెట్టి, నడుముకు మందు రాసి, ఆమె స్నానాలగదిలోకి వెళ్ళి కుళాయి విప్పి ఏడ్చింది.

ఆస్పత్రి నోటీసు బోర్డు మీద ఆ చదువు గురించి చూసింది ఆ తర్వాతే. రకరకాల చదువులవాళ్ళను జట్లుగా కూర్చోబెట్టి, ఒక్కో జట్టును ఒక్కో కంపెనీకి అప్పగించి, బజారులో లేని వస్తువును తయారుచేయించే రెండేళ్ళ పై చదువు. వైద్యం తెలిసినవాళ్ళకూ చోటుందని రాశారు. జీతం లేని సెలవు పెట్టి చేరిపోయింది.

ఆమె జట్టులో మరో ముగ్గురు. ఒక ఇంజనీరు, ఒక డిజైనరు పిల్ల, వ్యాపారశాస్త్రం చదివిన ఇంకో కుర్రాడు. ముగ్గురూ ఆమెకంటే బాగా చిన్నవాళ్ళు. మొదట "సిస్టర్" అన్నారు, తర్వాత "అక్కా" అన్నారు, చివరికి రెండూ కలిపేసి "సిస్టరక్కా" అని ఖాయం చేశారు.

"రెండుసార్లు అక్కనైపోయాను. ఇంక మీకు తిరుగులేదు," అనేది ఆమె.

మొదటి నెలల్లో ఒకరి మాట ఒకరికి ఎక్కేది కాదు. ఇంజనీరు బరువులూ ఒత్తిళ్ళూ అంటాడు. డిజైనరు పిల్ల మాట్లాడకుండా కాగితాల మీద బొమ్మలు గీస్తూ పోతుంది. వ్యాపారం కుర్రాడు ప్రతిదానికీ "కొనేదెవరు?" అంటాడు. పొడుగాటి బల్ల చుట్టూ కూర్చుని పొద్దుపోయేదాకా వాదులాడుకుని, తలనొప్పితో ఇళ్ళకు పోయేవాళ్ళు. ఒకసారి మాస్టారు విసిగిపోయి, "అసలు మీకు ఏం కావాలయ్యా?" అంటే, ముగ్గురూ మూడు చెప్పారు. సిస్టరక్క మాత్రం, "మనిషిని ఒక్కరే తిప్పగలగాలి సార్. పుండు పడకూడదు. అంతే," అంది.

వాళ్ళకు దొరికిన కంపెనీ ఆస్పత్రి మంచాలు చేసేదే. మంచానికి సంబంధించి కొత్తది ఏదైనా సరే అన్నారు. ఇంకేం కావాలి?

ఏడాది పైగా పట్టింది. చివరికి తేలిన వస్తువు చూడటానికి ఏమంత గొప్పగా ఉండదు. మంచానికి రెండువైపులా రెండు రోలర్లు. వాటికి చుట్టిన ఒక గట్టి దుప్పటి, దాని మీద మనిషి. ఒకవైపున్న చక్రం తిప్పితే దుప్పటి మెల్లగా బిగుసుకుంటూ మనిషిని పక్కకు ఒరిగిస్తుంది. వెనక్కి జారకుండా పళ్ళచక్రాన్ని ఒక కొక్కెం పట్టి ఉంచుతుంది. ఆ కొక్కెం కోసమే ఇంజనీరు నాలుగు నెలలు తల బద్దలు కొట్టుకున్నాడు. చర్మాన్ని లాగని బట్ట కోసం డిజైనరు పిల్ల తిరగని మిల్లు లేదు. వ్యాపారం కుర్రాడు కూడా "కొనేదెవరు?" అనడం మానేసి సాయంత్రాలు రోలర్లకు నూనె పెట్టేవాడు.

ఇంట్లో పరీక్షించి చూడటానికి మాస్టారే కంపెనీని ఒప్పించారు. మొదటిసారి చక్రం తిప్పినప్పుడు అన్నయ్య కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"నన్ను చాపలా చుట్టి మూల నిలబెడతారేంటర్రా," అన్నాడు. మెల్లగా పక్కకు ఒరిగాడు. కళ్ళు తెరిస్తే ఎదురుగా కిటికీ. "ఒసేయ్, నువ్వు ఒక్క చేత్తో తిప్పావా?"

వదిన రెండో చేతిలో గరిట పట్టుకుని ఉంది. అది చూపించింది.

ఆ చలికాలమంతా ఆ మంచం ఆ ఇంట్లో ఉంది. ఎప్పటినుంచో మానని పుండు అంచుల నుంచి లేత చర్మం పట్టి మూసుకుపోయింది. వదిన మొహం తేటపడింది. ఒకరోజు కూరలోకి ఉప్పు తేవాలని బయటికెళ్ళి, పక్కవీధి దాకా ఊరికే నడిచొచ్చానని సిగ్గుపడుతూ చెప్పింది. ఆ ఇంటికి మిగిలిన సంతోషమంతా ఆ కొద్ది నెలలే.

చదువు ముగిసేరోజు పెద్ద హాల్లో కంపెనీవాళ్ళ ముందు అలాంటిదే ఇంకో మంచాన్ని చూపించారు. చప్పట్లు కొట్టారు. మేనేజరు లేచి నిలబడి మరీ కొట్టాడు. జనం పలచబడ్డాక సిస్టరక్క ఆయన దగ్గరికి వెళ్ళింది.

"సార్, ఇది బయటికి ఎప్పుడొస్తుంది?"

ఆయన చెడ్డవాడు కాదు. దాటవేయలేదు. "రాదమ్మా," అన్నాడు.

ఆమెకు అర్థం కాలేదు. "ఏమైనా మార్చాలా సార్?"

"మార్చడానికేం లేదు, బాగుంది. కానీ ఆస్పత్రులకి తిప్పే మనుషులున్నారు, వాళ్ళు కొనరు. ఇళ్ళలో కావాలి. వాళ్ళు కొనగలిగే ధరకి ఇస్తే మాకేం మిగలదు. పైగా ఇది ఉంటే, మీట నొక్కితే కదిలే మా ఖరీదైన కరెంటు మంచం ఎవరు కొంటారు చెప్పండి?"

"అయితే మమ్మల్ని చేసుకోనివ్వండి."

"హక్కులు కంపెనీవి కదా. చేరినప్పుడే మీరంతా సంతకాలు పెట్టారు."

"అమ్మడానికని పెట్టాం సార్. దాచడానికని అనుకోలేదు."

"మీ పేర్లు మాత్రం పేటెంటులో ఉంటాయి," అన్నాడు మేనేజరు.

మరుసటి వారం కంపెనీ వ్యాను వచ్చింది. అన్నయ్యను పాత మంచం మీదకు మార్చి, దీన్ని విప్పి తీసుకుపోయారు. మాస్టారు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు, కాళ్ళరిగేలా తిరిగారు, చేతులెత్తేశారు. అదే కంపెనీ అప్పటికే ఇంజనీరును ఉద్యోగంలోకి తీసుకుంది. సిస్టరక్క అతనికి ఫోన్ చేసింది.

"ఆ కొక్కెం కొలతలు ఇస్తే చాలురా. మా ఇంటి మట్టుకే."

"అక్కా... అమ్మానాన్నా నా మీదే ఉన్నారక్కా."

"సరేలే. ఏడవకు," అంది ఆమె.

గుర్తున్నంత వరకూ బొమ్మ గీసి, వీధి చివర వెల్డింగు షాపులో అలాంటిదే చేయించి పాత మంచానికి బిగించింది. అచ్చం అలాగే కనిపించింది. నాలుగు రోజులు బాగానే తిరిగింది. అయిదోరోజు అన్నయ్య పూర్తిగా పక్కకు ఒరిగి ఉండగా కొక్కెం జారింది. ఇనుప కమ్మీకి తొడ కొట్టుకుంది. ఆయనకు నొప్పి తెలియదు కదా, "ఏం కాలేదులేవే, కంగారుపడకు," అన్నాడు. మర్నాటికి తొడ వాచి నల్లబడింది. ఎముక విరిగింది.

కాలికి కట్టు కట్టాక ఇక ఇష్టం వచ్చినట్టు తిప్పడానికి లేకపోయింది. వీపు కింద పుండు మళ్ళీ లేచింది. ఈసారి లోతుగా లేచింది. విషం రక్తంలోకి ఎక్కింది. ఆమె పనిచేసిన వార్డులోనే, ఆమె రోజూ పక్కలు సర్దిన వరసలోనే అన్నయ్యను పెట్టారు. ఎంతమందికి చూసిందో ఆ జ్వరం! ఎటు పోతుందో డాక్టరు చెప్పకముందే ఆమెకు తెలుసు. వదినకు చెప్పడానికి నోరు రాలేదు.

"నావల్లే అన్నయ్యా," అంది ఒక ఉదయం, పెదాలు తడి గుడ్డతో తుడుస్తూ.

"నీవల్ల ఒక చలికాలం కిటికీ చూశాను. నోర్మూసుకుని మీ వదిన తిందో లేదో చూడు," అన్నాడు. రెండురోజులకు పోయాడు.

పలకరించడానికి ఇంజనీరు వచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. కంపెనీలో ఆ మంచం మాట రెండుసార్లు ఎత్తాననీ, ఎవరూ వినలేదనీ, గోదాము ఖాళీ చేసినప్పుడు పాత నమూనాలన్నీ తుక్కు కింద పోయాయనీ, అందులో అదీ పోయిందనీ తల దించుకుని చెప్పాడు. వదిన వింది. "పోనీలే నాయనా. ఎండన పడి వచ్చావు, మంచినీళ్ళు తాగు," అంది. వాడు గ్లాసు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఓదార్చే ఓపిక ఆడబిడ్డకు లేకపోయింది. లేచి వెనకింట్లోకి వెళ్ళిపోయింది.

వదిన నడుము తిరిగి బాగుపడలేదు. వంగితే లేవలేదు, కూర్చుంటే లేవలేదు. ఆ ఇంట్లో ఇప్పుడు సాయం కావలసిన మనిషి ఆవిడే.

సిస్టరక్క మళ్ళీ వార్డులో చేరింది. అదే పని, అదే జీతం. కొత్త చదువు వల్ల కలిగిన లాభం ఒక్కటే. ఆస్పత్రికి సామాన్లు ఎంపిక చేసే కమిటీలో, డిగ్రీ ఉంది కదా అని, ఆమె పేరూ వేశారు. తర్వాతి ఏడాది వార్డుకు మంచాలు మార్చాల్సి వచ్చింది. చూపించడానికి వచ్చిన నమూనాల్లో కాస్త నాణ్యంగా ఉన్నవి ఆ కంపెనీ కరెంటు మంచాలే. తుప్పు పట్టిన పాత మంచాల మీద రోగులు పడుకుని ఉన్నారు. ఎదురుగా కూర్చున్న పెద్ద డాక్టరు, "ఏం సిస్టర్, మీరు ఇందులో చదువుకున్నారు కదా, ఏమంటారు?" అని అడిగాడు.

"వీటికంటే మంచివి బజారులో లేవు సార్," అని సంతకం పెట్టింది.