ఇంట్లో నంబర్

మా ఇంటామె పోయి నేటికి నెల. కిడ్నీల జబ్బు. మలక్‌పేటలో దవాఖానలో పదకొండు రోజులు ఉంది. పన్నెండో నాడు పొద్దున నేను చాయ్ తాగడానికి కిందికి దిగిన కాసేపట్లో పోయింది.

ఈ మాట మా కస్టమర్లు మీకు విడివిడిగా చెప్పలేకపోయాను. మీలో చాలామంది ఆమెను చూడలేదు, గొంతు మాత్రం ఎరుగుదురు. దిల్‌సుఖ్‌నగర్‌లో మా నీళ్ల ఫిల్టర్ల దుకాణం నుంచి ఆరు నెలలకోసారి ఫోన్ చేసి, ఫిల్టర్ మార్చే టైమైంది, ఎప్పుడు పంపమంటరు అని అడిగింది ఆమే. ఇప్పుడు నేను చేస్తుంటే మేడమ్ లేదా అని అడుగుతున్నారు.

దుకాణం పెట్టిన కొత్తలో పేర్లన్నీ నోటుబుక్కుల్లో ఉండేవి. తర్వాత కంప్యూటర్ కొని, కస్టమర్ల వివరాలు దాచే సాఫ్ట్‌వేర్ ఒకటి పెట్టించాను. పేరో నంబరో కొడితే మనిషి వివరాలు వస్తాయి. ఒక ఇంటివాళ్లందరినీ ఒకరికొకరిని కలిపి పెట్టొచ్చు కూడా. బీకాం చదివినవాణ్ణి, ఇదేం పెద్ద పని అనుకున్నాను. పుస్తకాలన్నీ నేనే ఎక్కించాను.

మన దగ్గర మగవాళ్లు భార్య పేరు చెప్పరు. నేను డ్యూటీల ఉంటా, మా ఇంట్లో నంబర్ రాసుకో అంటారు. నేను అలాగే రాసుకున్నాను. పేరు అన్నచోట ‘ఇంట్లో’. ఆంధ్ర నుంచి వచ్చినవాళ్లు మా ఆవిడ నంబర్ తీసుకోండి అంటే, అక్కడ ‘ఆవిడ’. తప్పని నాకు తోచనే లేదు.

ఒకరోజు పెద్ద అంబర్‌పేట్ పోవాల్సిన మెకానిక్, మన్సూరాబాద్‌లో ఎవరి తలుపో కొట్టి, బాగున్న మిషన్ విప్పి కూర్చున్నాడు. నేను పంపాలనుకున్న ‘ఇంట్లో’ వేరు. ఆ సాయంత్రం మా ఇంటామె దుకాణానికి వచ్చి, నా పక్కన కూర్చుని ‘ఇంట్లో’ అని కొట్టి చూసింది. తెర నిండిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"నలభై మంది ఇంట్లోలున్నరు మీకు. నేనెన్నోదాన్ని?"

మర్నాటి నుంచి మధ్యాహ్నాలు దుకాణానికి రావడం మొదలుపెట్టింది. ఒక్కో నంబర్‌కూ ఫోన్ చేసి పేరు అడిగేది. కొందరు అనుమానపడేవారు. ఎల్బీ నగర్‌లో ఒక పెద్దామె, నా పేరెందుకు బిడ్డా, ఆయన పేరు రాసుకో అందట.

"నీళ్లు నువ్వు తాగవా అమ్మా?" అంది ఈమె.

ఆ పెద్దామె నవ్వి చెప్పింది. తెల్లారి తనే ఫోన్ చేసి, నిన్న సగమే చెప్పిన అని పూర్తి పేరు రాయించింది. ఆ ఫోన్ నేనే ఎత్తాను. పేరు చెప్పేటప్పుడు ఆమె గొంతు కొంచెం నెమ్మదించింది.

పేరు దొరికాక మా ఇంటామె దాన్ని భర్త పేరుకు కలిపేది. పక్క వీధిలో కూతురుంటే కూతురికీ కలిపేది. ఒకాయన రాయించిన ‘ఇంట్లో’, ఇంకొకాయన రాయించిన ‘అక్క’ ఒకే మనిషని గొంతు విని పట్టేసింది. రెండు నంబర్లున్నా మనిషి ఒక్కతే అంటూ రెంటినీ ఒకటి చేసింది. అడుగున వివరాల గడిలో తనకు తోచింది రాసేది. నల్ల గేటు. కుక్క ఉంది, కరవదు. మధ్యాహ్నం పండుకుంటది, నాలుగింటికి పోవాలె. అవి చదువుకుని పోతే మెకానిక్‌కు ఏ ఇల్లూ తప్పేది కాదు.

నేను ఏదైనా వెతికి దొరక్క విసుక్కుంటే, మీరు పేరు రాస్తే గద దొరికేది అనేది.

మూడు నెలలకు అందరి పేర్లూ వచ్చాయి, ఒక్కరిది తప్ప. అది ఆమె నంబరే. సాఫ్ట్‌వేర్ పనిచేస్తుందో లేదో చూడటానికి మొదటి రోజు నేనే ఎక్కించాను, ‘ఇంట్లో’ అనే రాసి. దాన్ని కూడా మార్చెయ్యమన్నాను.

"అందరివి నేను మార్చిన. గదొక్కటి మీరు మార్చాలె."

సరేనన్నాను. ఇరవై ఆరేళ్ల కాపురంలో ఆమెను పేరు పెట్టి పిలిచింది లేదు. ‘ఇగో’ అంటే పలికేది. అలవాటు, అంతే. అప్పుడప్పుడు చాయ్ గ్లాసు బల్ల మీద పెడుతూ, మార్చిన్రా అని అడిగేది. రేపు అనేవాణ్ణి.

దవాఖానలో ఐదో రోజో ఆరో రోజో కళ్లు తెరిచి, "మార్చిన్రా?" అంది. ముందురోజు మన్సూరాబాద్‌లో ఒక ఫిల్టర్ మార్చాల్సి ఉండింది. మార్చినమని చెప్పాను. తల ఊపింది. ఆమె అడిగింది ఏ సంగతో ఇప్పటికీ నాకు తెలియదు.

దినాలయ్యాక దుకాణం తెరిచాను. మొదట ఆమె పేరు కొట్టాను. దొరకలేదని వచ్చింది. ‘ఇంట్లో’ అని కొట్టాను. ఒకటే వచ్చింది. ఆమె నంబర్, దానికి కలిపి ఉన్న నా పేరు, పక్కన భర్త అని. అడుగున వివరాల గడి. తన దాంట్లో కూడా రాసి పెట్టుకుంది.

పేరు ఆయనకు తెలుసు.

ఆ రోజు మార్చలేకపోయాను. షట్టర్ దించి ఇంటికి పోయాను.

నిన్న ఒకాయన కొత్త మిషన్ కోసం వచ్చి, మా ఇంట్లో నంబర్ రాసుకో అన్నా, అన్నాడు. పేరు చెప్పమన్నాను. అటూ ఇటూ చూసి చెప్పాడు. రాసుకున్నాను. ఆయన వెళ్లాక మా ఇంటామె వివరాలు తెరిచాను. ఒక్కో అక్షరం చూసుకుంటూ పేరంతా రాసి సేవ్ చేశాను. నోటితో కూడా ఒకసారి అన్నాను. వినడానికి దుకాణంలో నేనొక్కణ్ణే.

తర్వాత ‘ఇంట్లో’ అని కొట్టి చూశాను. తెర మీద చిన్న చక్రం కాసేపు తిరిగింది. ఎవరూ లేరని చూపించింది.