సీసం భయానికి మారేడు మందు

ఒక మనిషి పొట్ట బాగుచేయబోయి అతని రిటైర్మెంటు సభను ఎలా పాడుచేయవచ్చో తెలుసుకోవాలంటే నన్నే అడగాలి. ఖరగ్‌పూర్‌ మొత్తంలో ఆ విద్యలో నన్ను మించినవాడు లేడు.

ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మా మావయ్యగారి రైల్వే క్వార్టర్లోనే మా కాపురం. వర్క్‌షాపు నుంచి వచ్చి, రాత్రి అన్నం తిన్నాక, ఆయన గ్లాసు నీళ్లలో ఇసబ్‌గోల్ కలుపుకొని తాగేవారు. తెల్లారాక ఆయన మొహంలో కనిపించే ప్రశాంతత మునులకు కూడా ఉండదు.

సరిగ్గా రిటైరయ్యే వారం నా ఫోన్‌కి ఒక వీడియో వచ్చింది. పీచు కోసం తాగే కొన్ని పొడుల్లో సీసం ఉంటోందట. ఏ పొడుల్లో, ఎంత అని చివరిదాకా వినే ఓపిక నాకెక్కడిది? డబ్బా తీసుకెళ్లి మురిక్కాలవలో బోర్లించాను. ఇసబ్‌గోల్ ఉబ్బి ముందు కాలవే మూసుకుపోయింది. అప్పుడైనా నాకు బుద్ధి రావలసింది.

"ఏటి బాబూ, నా డబ్బా ఏదీ?" అన్నారు మావయ్య.

"అందులో సీసం ఉంటాదట మావయ్యా, పారబోసినాను. మీకు నేనే మందు సేస్తాను."

"ఇన్నాళ్లూ తాగినాను. నాకేటీ అవనేదు కదా."

"సీసం నిదానంగా సేస్తాది."

అల్లుడి మాట తీసెయ్యలేక తలూపారు, పాపం.

మారేడులో పీచు దండిగా ఉంటుందని ఎక్కడో విన్నాను. బజార్లో పండ్లమ్మే దాదా పసుపుపచ్చవీ ఆకుపచ్చవీ చూపిస్తే, బెండకాయలు కొనే తెలివితో ఆకుపచ్చవే ఏరాను. కాల్చి, గుజ్జు తీసి, బెల్లం కలిపి పూటపూటా తినిపించాను. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నా వైద్యంలో నాలుక భద్రంగానే ఉంది, రాకపోకలే ఆగిపోయాయి.

సభ రోజు పొద్దున పక్కింటి బెంగాలీ దీదీ మా వాకిట్లో పచ్చి మారేడు పెంకులు చూసి, ఇంట్లో విరేచనాలు ఎవరికని జాలిగా అడిగింది. పండిన మారేడు కడుపు కదిలిస్తుందట, పచ్చిది కట్టేస్తుందట.

మా ఆవిడ నా వైపు తిరిగింది. "మా నాన్నని ఏటి సేసినారు?"

చేసింది సాయంత్రం అందరూ చూశారు. వేదిక మీద ఎంత బతిమాలినా మావయ్య కుర్చీలో కూర్చోలేదు. దండలన్నీ నిలబడే వేయించుకున్నారు. ఆఖర్న మైకు తీసుకుని అన్నారు:

"సర్వీసంతా బళ్లకి బ్రేకులు బాగుసేసినాను. నాకు బ్రేకేసినోడు మాత్రం మా అల్లుడొక్కడే."

చప్పట్లు మోగాయి. మావయ్య చేత ఏదో చెడ్డ అలవాటు మాన్పించాననుకుని పెద్దాఫీసరు నాతో చేయి కలిపి మరీ మెచ్చుకున్నారు. భూమి విచ్చుకుంటే బాగుండుననిపించింది.

అందుకే వర్క్‌షాపు సైరన్ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఫోన్ ఎంత భయపెట్టినా సరే, డాక్టరుని అడగకుండా ఇంకెవరి డబ్బా ముట్టను. మావయ్య డబ్బా అయితే ముట్టాలనుకున్నా ముట్టలేను. డాక్టరు చూసి సరేనన్న కొత్త ఇసబ్‌గోల్ డబ్బా ఇప్పుడు బీరువాలో ఉంటుంది, తాళంచెవి ఆయన మొలతాడుకి ఉంటుంది.